ఎవరూ ఫోన్ చెయ్యని గంట

మా ఆఫీసు బోర్డు మీద దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతామని ఉంటుంది. ఇన్నేళ్లలో నేను నిజంగా అమ్మింది మాత్రం హడావిడి. సాఫ్ట్‌వేర్ దానితోపాటు ఉచితం.

వెనకటికి ఏ షాపులో కొత్త వెర్షన్ వెయ్యాలన్నా నేనే స్వయంగా వెళ్లేవాణ్ణి. కంప్యూటర్ ముందు కూర్చుని మీటలు టకటకా కొట్టేవాణ్ణి. తెర మీద ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతుండేది. షాపు యజమాని చేతులు కట్టుకుని నా వెనక నిలబడి దాన్నే చూసేవాడు. మధ్యమధ్య నేను జేబురుమాలుతో నుదురు తుడుచుకుని, "కొంచెం మొండికేస్తోందండీ" అనేవాణ్ణి. ఆ మాటకే సగం బిల్లు గిట్టేది. ఒకసారి కొత్త కంప్యూటర్ ఉన్న షాపులో గీత ఒక్క ఉరుకున అటు చివరికి చేరిపోయింది. యజమాని "ఇంతేనా?" అని అక్కడికక్కడే బేరం మొదలుపెట్టాడు. మర్నాడే మా పాత ప్రోగ్రామర్‌కి చెప్పి గీత నడక తగ్గించాను. పని తొందరగా అయితే నష్టం అని లెక్క తేల్చుకున్న వ్యాపారిని నేను.

అలాంటి నా ఆఫీసుకి మా ఆవిడ అన్న కూతురు వచ్చింది. చదువు అయిపోయి ఖాళీగా ఉంది, నీ దగ్గర పెట్టుకో అన్నారు. జీతం తక్కువ ఇవ్వొచ్చు, చుట్టరికం గనక వదిలిపోదు అని పెట్టుకున్నాను. నెల తిరక్కుండానే ఆ అమ్మాయి నా సరుకు మొత్తానికి ఎసరు పెట్టింది.

"మామయ్యా, ఇకమీదట షాపులకి వెళ్లక్కర్లేదు. అన్నీ ఇక్కణ్ణించే పంపిస్తా. సైలెంట్ ఇన్‌స్టాలేషన్."

"అంటే?"

"అవతల తెర మీద ఏమీ కనపడదు. గీత ఉండదు, ప్రశ్నలు ఉండవు, ఏదీ నొక్కక్కర్లేదు. పాతది తీసేస్తుంది, కొత్తది పెట్టేస్తుంది, పాత బిల్లులన్నీ కొత్తదాంట్లోకి మార్చేస్తుంది. వాళ్లకి తెలియనే తెలియదు."

"తెలియకపోతే డబ్బులెందుకిస్తారే తల్లీ?"

"పనిచేస్తే ఇస్తారు" అంది.

ఆ ఆలోచన నాకు కొత్త.

కంప్యూటర్లలో ఏం జరుగుతోందో చూడటానికి ఒక పెద్ద తెర కూడా తయారుచేసింది. ఒక్కో షాపుకి ఒక్కో గడి. పని మొదలైతే పసుపు రంగు, సవ్యంగా ముగిస్తే పచ్చ, చెడితే ఎరుపు. ప్రతి కంప్యూటరూ ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా మన ఆఫీసుకి కబురు పంపుతుందట. బిల్లులు మార్చే మెట్టు మాత్రం పెద్దది. అది ఎక్కేదాకా ఏ కబురూ రాదట.

ఇదంతా నేను ఒప్పుకోవడానికి కారణం మా తోడల్లుడు. మా ఆవిడ అక్క మొగుడు. ఊరంతా చెప్పుల షాపులున్నాయి ఆయనకి. బస్టాండు దగ్గర ఒకటి, మార్కెట్లో ఒకటి, సినిమా హాలు పక్కన ఒకటి, ఇలా పదకొండు. నా ఆదాయంలో సగానికి పైగా ఆ గుమ్మాల నుంచే వస్తుంది. బళ్లు తెరిచే రోజు దగ్గరపడింది. ఊళ్లో పిల్లలందరికీ కొత్త బూట్లు కావాలి. దానికి ముందే పన్నుల లెక్క మారింది, కొత్త వెర్షన్ లేకపోతే బిల్లు తప్పు వస్తుంది. ఆయన నన్ను పిలిచి, నవ్వుతూనే చెప్పాడు.

"తమ్ముడూ, సోమవారం పొద్దున ఒక్క షాపులో బిల్లు రాకపోయినా ఇక చుట్టరికం చుట్టరికమే, వ్యాపారం వ్యాపారమే. పెద్ద కంపెనీవాళ్లు రోజూ తిరుగుతున్నారు. వాళ్లకిచ్చేస్తా."

"అన్నయ్యగారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను. ఆ నిశ్చింత నా దగ్గర చిటికెడు కూడా లేదు. లేని సరుకు అమ్మడం నాకు అలవాటే.

ఆదివారం షాపులు మధ్యాహ్నానికి మూసేస్తారు. సగం షట్టర్ దింపి, మేనేజరూ పనివాళ్లూ సాయంత్రం దాకా పెట్టెలు సైజుల వారీగా సర్దుకుంటారు. కంప్యూటర్లు ఆన్‌లో ఉంచి ముట్టుకోవద్దని అమ్మాయి అందరికీ ముందే చెప్పింది. మీట నొక్కింది. పదకొండు గడులూ పసుపెక్కాయి. "సుమారు గంట పడుతుంది మామయ్యా, నేను అన్నం తినొస్తా" అని టిఫిన్ బాక్సు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది.

నేను తెర ముందు కూర్చున్నాను. పసుపు. కాసేపు చూశాను. పసుపే. కుర్చీ మార్చుకుని చూశాను. రంగు మారితే ఒట్టు. మనిషన్నాక ఎంతసేపు ఓర్చుకుంటాడు? నా సగం వ్యాపారం అక్కడ పదకొండు గడుల్లో పడి ఉంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. లోపల ఏం జరుగుతోందో అడుగుదామంటే నోరులేని యంత్రం. నోరున్న మేనేజర్లు ఉన్నారు కదా అని ఫోన్ తీశాను.

"బాబూ, బస్టాండు షాపేనా? కంప్యూటర్లో ఏమైనా కనపడుతోందా?"

"ఏం లేదండీ."

"ఏమీ లేదా? సరిగ్గా చూడు."

"చూస్తున్నానండీ. మామూలుగానే ఉంది. ఏం అయ్యుండాలండీ?"

"ఏం లేదులే. ఊరికే అడిగా."

ఇలా ఒకరి తర్వాత ఒకరికి చేశాను. అందరిదీ ఒకటే జవాబు. ఏమీ కనపడట్లేదు. నేను ఎవరికీ ఏ పనీ చెప్పలేదు, ఒట్టేసి చెబుతున్నాను. పలకరించి పెట్టేశాను, అంతే. కొందరు ఎత్తలేదు, వదిలేశాను.

కాసేపటికి బస్టాండు గడి ఎర్రబడింది. దాని వెనకే సినిమా హాలు. ఆ తర్వాత వరసగా, ఎవరో కుంచె పట్టుకుని పూస్తున్నట్టు ఒక్కొక్కటే.

"అమ్మాయ్!" అని కేక పెట్టాను.

చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. తెర చూసి నోరు తెరిచింది. "అన్నిట్లోనూ కరెంటు పోయిందా ఏంటి? మధ్యలో మెషీన్ ఆగిపోయిందని చెబుతోంది. ఊళ్లో కరెంటుందా?"

"మన ఫ్యాను తిరుగుతోందిగా."

"మరి ఎనిమిది పోయి మూడెలా బతికాయి? చూడు, స్టేషన్ రోడ్డు, కాలేజీ, ఆస్పత్రి ఎదురుది. ఈ మూడూ బాగానే నడుస్తున్నాయి." ఎడమచేత్తో తల గోక్కుంది. "వీటిలో ఏముంది, వాటిలో ఏం లేదు?"

ఆ మూడు పేర్లూ వినగానే నాకు లెక్క తేలింది. ఫోన్ ఎత్తనివాళ్లు ఆ ముగ్గురే. నోరు మూసుకుని ఉందామనుకున్నాను. కానీ లెక్క తేలని మొహం చూస్తూ ఊరుకోలేను, అది నా జబ్బు.

"తల్లీ, నేను... ఊరికే... ఒకసారి పలకరించా."

"ఎవర్ని?"

"ఎనిమిది మందిని."

అమ్మాయి నాకేసి చూసింది. తర్వాత బస్టాండు షాపు మేనేజర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "అన్నా, కంప్యూటర్ని ఏం చేశారు?"

"సార్ ఫోన్ చేశారు కదమ్మా" అన్నాడతను, అందులో అడగడానికేముందన్నట్టు. "సార్ చేశారంటే ఏదో పాడైనట్టే కదా. ఆపి మళ్లీ ఆన్ చేశా. సార్ ఎప్పుడూ అదేగా చెయ్యమనేది."

అదీ సంగతి. పదేళ్ల నుంచి ఎవడు ఏ ఇబ్బంది చెప్పినా నేను ఇచ్చే మందు ఒక్కటే. ఆపి, మళ్లీ వెయ్యి. నాకు తెలిసిన వైద్యం అంతే. వాళ్లు ఎంత బాగా నేర్చుకున్నారంటే ఇప్పుడు నేను మందు పేరు చెప్పక్కర్లేదు, నా గొంతు వినపడితే చాలు, చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతోంది. ఎనిమిది షాపుల్లోనూ పాతది తీసేసి, కొత్తది ఇంకా కూర్చోకముందే పీక నొక్కేశారు.

"కొంప మునిగినట్టేనా?" అన్నాను.

"మునగలేదు. మొదటి మెట్టులోనే పాత బిల్లులన్నీ పక్కన దాచిపెడుతుంది. మళ్లీ మొదట్నించీ నడిపిస్తా. ఇంకో గంట. కానీ మామయ్యా, ఈ గంటసేపూ ఎవ్వరూ ముట్టుకోకూడదు." చెయ్యి చాపింది. "ఫోన్."

ఇచ్చేశాను. మేనేజర్లందరికీ మెసేజ్ పెట్టింది. కంప్యూటర్ని ముట్టుకోకండి, సార్ ఫోన్ చేసినా ఎత్తకండి అని. నా ఫోన్లోంచే పెట్టింది. నా పరువుకి నా చేతే చితి పేర్పించినట్టయింది.

అది పంపిందో లేదో ఆ ఫోనే మోగింది, అందుకున్నాను. మా తోడల్లుడు.

"ఏమోయ్, బస్టాండోడు ఫోన్ చేశాడు. బిల్లింగ్ అసలు తెరుచుకోవట్లేదంట. ఏం చేశావు? నేను అన్ని షాపులకీ కొట్టి ఒకసారి ఆపి వెయ్యమంటున్నా ఉండు."

"అన్నయ్యగారూ! మీకు పుణ్యముంటుంది, నేనొచ్చేదాకా ఎవరికీ చెయ్యకండి. వచ్చేస్తున్నా. దార్లో ఉన్నా."

"దార్లో అయితే ఫ్యాను చప్పుడేంటి?"

పెట్టేశాను. అమ్మాయి అప్పటికే మీట నొక్కింది, గడులు మళ్లీ పసుపెక్కాయి.

"నీ ఫోన్ అయితే వాళ్లు ఎత్తరు" అంది. "పెద్దమామయ్య చేస్తే? యజమాని చేస్తే ఎత్తకుండా ఉంటారా? ఆయన నోరు తెరిస్తే మళ్లీ స్విచ్ దగ్గరికే పోతారు. నువ్వెళ్లి ఎలాగైనా ఆయన్ని ఫోన్ ముట్టుకోకుండా చూడు. అయ్యాక పెద్దత్త ఫోన్‌కి చేస్తా."

"ఒక గంటసేపు ఆయన్ని ఎలా కూర్చోబెట్టనే?"

"నువ్వు చేసేది అదేగా ఎప్పుడూ" అంది. "మాట్లాడు."

స్కూటర్ మీద వెళుతూ నా దగ్గర ఏం సరుకుందో చూసుకున్నాను. ఆయనకి డబ్బుంది, కారుంది, నాకంటే పెద్ద ఇల్లుంది. ఏం ఇస్తే ఆశపడతాడు? ఒక్కటే తోచింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎక్కడ కలిసినా ఆయనకి నా మీద జోకు వేస్తేగానీ తిన్నది అరగదు. నా తెలివితక్కువతనమంటే ఆయనకి ప్రాణం. నా దగ్గర అది గోడౌన్ నిండా ఉంది. ఇన్నాళ్లూ పరువు అని తాళం వేసి పెట్టాను. ఆ పరువు కూడా ఎనిమిది గడుల్లో ఎర్రబడిపోయాక తాళం దండగ.

ఆయన ముందు గదిలో సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది.

"ఏమైందో చెప్పు ముందు."

"నేనే పాడుచేశాను" అన్నాను.

ఆయన ఆ జవాబుకి సిద్ధంగా లేడు. ఎదుటివాడు బుకాయిస్తాడని బేరానికి కూర్చున్న మనిషి, మొదటి మాటకే ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తెలియదు. "అంటే?" అన్నాడు.

పూసగుచ్చినట్టు చెప్పాను. పసుపు గడులు, నా ఫోన్లు, మేనేజర్ల వైద్యం. ఫోన్ ఎత్తనివాళ్ల షాపులే బతికాయని చెప్పేసరికి ఆయన నవ్వు ఆపుకోలేక ఫోన్ సోఫా మీద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమే, ఇటు రా! మీ మరిది ఏం చేశాడో విను!"

మా వదిన వంటింట్లోంచి తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మళ్లీ మొదట్నించీ చెప్పాను. రెండోసారి కాస్త సాగదీసి, ఎనిమిది మంది మేనేజర్ల గొంతులూ వేర్వేరుగా పెట్టి చెప్పాను. అది బాగా అమ్ముడుపోయింది. కానీ ఎంత సాగదీసినా గంట రాదు. నవ్వు తగ్గగానే ఆయన చెయ్యి సోఫా మీద తడుముతోంది.

"ఇదేముందిలెండి" అన్నాను గబగబా. "ఆ కీబోర్డుల సంగతి మీకు తెలియదుగా."

చవగ్గా వస్తున్నాయని ఒక లాటు కీబోర్డులు కొన్నాను ఒకప్పుడు. విప్పి చూస్తే వాటి మీద ఎక్కడి భాషో, ఒక్క అక్షరం మనది కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని స్టిక్కర్లు అతికించాం. ఎండాకాలం రాగానే జిగురు కరిగింది. ఒక షాపులో క్యాషియర్ వేలికి అంటుకున్న అక్షరం చిల్లరతోపాటు కొనుక్కున్నవాడి చేతికి పోయింది. ఆ షాపువాడు నాకు ఫోన్ చేసి, మీ 'కె' పోయిందండీ, ఇంకోటి పంపండి అన్నాడు. వదిన కూలబడి నవ్వింది.

తర్వాత, పొద్దున్నించీ సాయంత్రం దాకా నాతో బేరమాడిన పెద్దమనిషి సంగతి. ప్రతి ధరా రాసుకుని, టీలు తాగి, చివరికి లేచి వెళుతుంటే చూశాను, ఎదురుషాపు తలుపు తోసుకుని తిన్నగా లోపలికి వెళ్లాడు. నా పోటీదారుడి తమ్ముడట. వెళ్లేముందు నా గొడుగు కూడా అడిగి పట్టుకెళ్లాడు.

ఈలోపు వదిన ఫోన్ మోగింది. నేను కుర్చీలోంచి లేచాను. "ఆఁ, జాకెట్లు రేపిస్తావా?" అని అడుగుతోంది వదిన. దర్జీ. మళ్లీ కూర్చున్నాను.

ఆత్రంలో తర్వాతి కథ చూసుకోకుండా తీశాను. బిల్లు కాగితం చవగ్గా వచ్చిందని కొంటే, వారం తిరిగేసరికి అచ్చు మొత్తం మాయమై తెల్లకాగితం మిగిలిందనీ, ఆ కాగితాలు పెట్టిన షాపులో... అని అక్కడిదాకా వచ్చాక గుర్తొచ్చింది, అది ఆయన షాపే. నాలుక కరుచుకున్నాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అది నా కాలేజీ రోడ్డు షాపు కదూ?"

"అవునండీ."

"నాకు తెలుసులేవోయ్. ఆ ఏడాది చెప్పులు మార్చుకోడానికి వచ్చినవాడు ఒక్కడూ బిల్లు చూపించలేకపోయాడు. అందుకే నీకు చెప్పలేదు."

ఇలాంటివాడి దగ్గరా నేను తెలివి చూపించాలనుకున్నది!

కానీ దాంతో నా గోడౌన్ ఖాళీ అయింది. ఇంకా ఎంత సమయం మిగిలిందో తెలియదు, నా ఫోన్ నా దగ్గర లేదు. ఆయన ఒళ్లు విరుచుకుని, "సరే, నవ్వింది చాలు, ఒకసారి బస్టాండోడిని కనుక్కుందాం" అని ఫోన్ తీశాడు. నేను ముందుకు వంగి ఆ ఫోన్ మీద చెయ్యి వేశాను. పెద్దవాడి చేతి మీద అలా చెయ్యి వెయ్యడం మా ఇళ్లలో లేదు. వేసేశాక తియ్యలేకపోయాను.

"వద్దండీ" అన్నాను. "మీ షాపులు పోతే నాకు మిగిలేది బోర్డు. అంతే. ఆ భయంతోనే ఇందాక ఫోన్లు చేశాను. ఊరుకోవడం చేతకాలేదు. మీకు దణ్ణం పెడతా, నాలాగా చెయ్యకండి."

దీనికి నవ్వు రాలేదు ఆయనకి. వదినకేసి చూశాడు.

"ఆ లారీ సంగతి చెప్పండి మరి" అంది వదిన.

"ఏ లారీ?"

"ఎడమకాళ్ల లారీ."

"నోరు మూసుకో. పాతికేళ్లయింది."

"మరిది అన్నీ చెప్పాడు పాపం. మీరు ఒక్కటి చెబితే అరిగిపోతారా?"

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. షాపు పెట్టిన కొత్తలో, ఎక్కడో కంపెనీ మూతపడుతోందని, మంచి బూట్లు లారీ లెక్కన అమ్ముతున్నారని వెళ్లాడట. పైన నాలుగు పెట్టెలు విప్పి చూసి, తోలు చూసి, కుట్టు చూసి, మిగతావి విప్పితే బేరం తెగదని కొనేశాడట. ఇంటికొచ్చి దింపితే లారీ మొత్తం ఎడమకాళ్లే. అవి షాపుల ముందు వేలాడదీసే శాంపిళ్లు. దొంగలు ఎత్తుకుపోకుండా ఒంటికాలివే చేస్తారు.

"కుడివి?" అన్నాను.

"ఉన్నాయి. పక్క ఊళ్లో ఒకడు కొన్నాడు. వాడూ నాలాంటి తెలివైనవాడే. నేను వెళ్లి, నీ కుడివి అమ్ముతావా అన్నా. నీ ఎడమవి అమ్ముతావా అన్నాడు. వాడు దిగొస్తాడని నేను, నేను దిగొస్తానని వాడు. మూడేళ్లు కూర్చున్నాం. మధ్యలో మనుషుల్ని కూడా పంపించాను, వాడి గోడౌన్లో చెదలు పట్టిందేమో చూసి రమ్మని."

"పట్టిందా?"

"నా దాంట్లో పట్టింది."

ఇక ఆయన ఆగలేదు. ఆ లారీ నుంచి ఇంకో బేరానికి, దాన్నించి ఇంకోదానికి వెళ్లిపోయాడు. గొడుగులా మడతపడే సూట్‌కేసులు, వానకి రంగు వదిలి ఊళ్లో సగం మంది పాదాలు నీలం చేసిన చెప్పులు. నాకు పని తగ్గిపోయి, 'అయ్యో' అనడం, 'తర్వాత?' అనడం మిగిలింది. ఇన్నేళ్ల చుట్టరికంలో ఆయన నాకు ఉచితంగా ఇచ్చిన మొదటి సరుకు అది. నేను టైము సంగతి కూడా మర్చిపోయాను.

వదిన ఫోన్ మోగింది. ఆవిడ విని, స్పీకర్లో పెట్టింది.

"పెద్దత్తా, పదీ పచ్చ" అంది అమ్మాయి. "అన్నీ తెరిచి, ఒక్కో ఉత్తుత్తి బిల్లు కొట్టించి కూడా చూశా. పన్ను సరిగ్గా వస్తోంది. మార్కెట్ షాపు ఒక్కటే ఎరుపు. మొదలుపెట్టగానే ఎవరో ఆపేశారు. మిగతావి తెమిలేదాకా దాని జోలికి పోలేదు, ఇప్పుడే మళ్లీ పెట్టా, ఇంకో గంట. మామయ్య గానీ అక్కడ ఎవరిదైనా ఫోన్ తీసుకుని..."

"నేను కాదు తల్లీ! నేను ఇక్కడే ఉన్నా, సాక్ష్యం ఉంది."

అప్పుడు మేమిద్దరం, వదినా నేనూ, ఒకేసారి ఆయనకేసి చూశాం. ఆయన కిటికీలోంచి బయట ఏదో చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నువ్వొచ్చే ముందు" అన్నాడు. "ఒక్కడికే. వాడు కంగారు మనిషని నాకేం తెలుసు?"

వదిన బల్ల మీది ఫోన్ తీసుకుని కొంగులో కట్టుకుంది. "ఇంకో గంటేగా. ఇద్దరూ కదలకండి. టీ పెడతా."

ఆవిడ లోపలికి వెళ్లాక ఆయన గొంతు తగ్గించి, "షాపులు ఈ ఏడాది నీకేలే" అన్నాడు. "కానీ ఆ అమ్మాయి పని చేస్తున్నంతసేపూ నువ్వు ఆఫీసులో ఉండకూడదు."

"ఎక్కడుండను?"

"ఇక్కడే. నేను మాత్రం ఎంతసేపని ఒక్కణ్ణీ కూర్చుంటా?"

మార్కెట్ షాపు కూడా దీపాలు పెట్టేవేళకి పచ్చబడింది. సోమవారం పదకొండు షాపుల్లోనూ బూట్లకి బిల్లులు వచ్చాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. పని అంత బాగా జరిగినందుకు మమ్మల్ని మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. అది కూడా ఖర్చు కిందే రాసుకున్నాను.

ఆ మర్నాడు తెర మీద పైన కొత్తగా ఒక గడి కనపడింది. ఏ షాపుదని అడిగితే, షాపుది కాదంది అమ్మాయి. నేను తోడల్లుడి ఇంటికి చేరి సోఫాలో కూర్చున్నానని వదిన చెబితేనే అది పచ్చబడుతుందట. అప్పటిదాకా మిగతావి మొదలు కావట.